ఇబ్రహీం బాగుకు మాలిక్ ఎవరు?

ప్రతి ఏడూ సావనీరు అచ్చుకు పోయే ముందు కార్యదర్శి సాబ్ మా ఇంటికి రావడం, "మాస్టర్ సాబ్, తవారీఖు మీద ఏదైనా రాసివ్వండి" అనడం, నేను ఏ నవాబు గారి గొప్పతనమో, ఏ దివాను గారి దానధర్మాలో రాసివ్వడం ఆనవాయితీగా వస్తున్నది. ఈసారి నవాబుల మాట కాస్త పక్కన పెట్టి, వాళ్లు విడిచిపోయిన తోటలు, అడవులు, కట్టడాలు ఇవాళ ఎవరి చేతుల్లో ఉన్నాయి, సర్కారు వాటిని ఎట్లా చూసుకుంటున్నది, అందులో మన వంతు ఏమిటి అనే సంగతి రాయదలచాను. దీనికి ఒక కారణం ఉంది. అది నాకు గర్వకారణం కాదు. అయినా చెప్పక తప్పదు.

నిరుడు చలికాలంలో మా బడి పిల్లలను, ఎనిమిది, తొమ్మిది తరగతుల వాళ్లను, ఇబ్రహీం బాగుకు తీసుకుపోయాను. మన జనం సాత్ గుంబజ్ అని పిలిచే కుతుబ్ షాహీ సమాధులు ఉన్న తోట అది. పిల్లలు ఆడుకున్నారు, తెచ్చుకున్న డబ్బాలు విప్పి తిన్నారు, అంతా బాగానే ఉంది. ఇంతలో ఒక పిల్లవాడు ఒక చిన్న గుంబజు వెనక్కి పోయి, కొత్తగా సున్నం చేసిన గోడ మీద మేకుతో తన పేరు చెక్కాడు. ఉర్దూలోనే చెక్కాడు. నేను నేర్పిన నస్తాలీఖులోనే, అక్షరాలు ముత్యాల్లాగా చెక్కాడు. కాపలా మనిషి చూసి వాడి చెయ్యి పట్టుకొని నా దగ్గరికి తీసుకొచ్చాడు. పెద్ద వయసు మనిషి. కేకలు వెయ్యలేదు, తిట్టలేదు. "చదువు రానోడైతే గోడ మీద పేరు రాయలేడు గద సార్" అన్నాడు. అంతే.

ఇరవై ఏళ్లకు పైగా పాఠం చెబుతున్నాను. అంత చిన్న మాటతో నాకు అంత పెద్ద పాఠం ఎవరూ చెప్పలేదు. తల వంచుకొని మాఫీ అడిగాను. తరువాత ఆ పిల్లవాణ్ణి కొట్టలేదు గానీ, చెయ్యి పట్టుకొని సుల్తాన్ కులీ సమాధి దగ్గరికి తీసుకుపోయాను. నల్లరాతి మీద చెక్కిన అక్షరాలు చూపించి చదవమన్నాను. వాడు కూడబలుక్కొని చదివాడు. సుల్తాన్ కులీని ఆనాటి ప్రజలు ప్రేమగా పిలుచుకున్న పేరు అక్కడ ఉంది: "బడే మాలిక్". వాడు కాసేపు చూసి, "సర్, అయితే ఇప్పుడు దీనికి మాలిక్ ఎవరు?" అని అడిగాడు.

"సర్కారు" అన్నాను. ఇంటికి పోయే బస్సులో కూర్చున్న తరువాత గాని నాకు తెలిసి రాలేదు, నేను చెప్పింది జవాబు కాదని. సర్కారంటే ఎవరు? ఏ శాఖ? ఏ చట్టం కింద? ఎప్పటి నుంచి? ఈ వ్యాసం ఆ పిల్లవాడికి నేను బాకీపడ్డ జవాబు.

మాలికులు మారిన తోట

కుతుబ్ షాహీ వంశం 1518 నుంచి 1687 వరకు గోల్కొండను ఏలింది. మొత్తం ఎనిమిది మంది సుల్తానులు. అందులో ఏడుగురు ఈ ఇబ్రహీం బాగులోనే నిద్రపోతున్నారు. సుల్తాన్ కులీ తన సమాధిని బతికుండగానే కట్టించుకున్నాడు. 1543లో హత్యకు గురై అందులోకి చేరాడు. మన హైదరాబాదుకు పునాది వేసిన మహమ్మద్ కులీ కుతుబ్ షా గుంబజు అన్నిట్లోకీ ఎత్తయినది. చివరివాడు అబుల్ హసన్ తానాషాకు మాత్రం ఇక్కడ ఆరడుగుల నేల దక్కలేదు. 1687లో ఔరంగజేబు సైన్యం ఎనిమిది నెలలు ముట్టడించి కోటను పట్టుకున్న తరువాత ఆయనను దౌలతాబాదు కోటలో బందీగా ఉంచారు. అక్కడే చనిపోగా ఖుల్దాబాదులో సమాధి చేశారు.

ఈ తోటలో రాజులే కాదు, రాజకుటుంబపు స్త్రీలు, హకీములు, దర్బారు కళాకారిణులు తారామతి, ప్రేమామతి కూడా ఉన్నారు. శవస్నానం చేయించే హమ్మాం ఉంది, మసీదులు ఉన్నాయి, పెద్ద పెద్ద బావ్లీలు ఉన్నాయి. అంటే ఇది ఒట్టి ఖబ్రస్తాన్ కాదు. తోట, నీళ్ల ఏర్పాటు, నమాజు జాగా, సమాధులు అన్నీ కలిసి ఒకటిగా కట్టిన జాగా.

వంశం పోయిన తరువాత ఏమైంది? మాలిక్ లేని ఇల్లు ఏమవుతుందో అదే అయింది. ముట్టడి రోజుల్లోనే మొఘల్ సైన్యం ఈ సమాధుల మధ్య మకాం వేసింది. తరువాత నూట యాభై ఏళ్లకు పైగా గుంబజుల మీద మర్రి, రావి మొలిచాయి. తోట చిట్టడవి అయింది. పందొమ్మిదో శతాబ్దంలో దివాను మొదటి సాలార్ జంగు గారు పూనుకొని సమాధులకు మరమ్మతు చేయించి, తోట మళ్లీ వేయించి, చుట్టూ ప్రహరీ కట్టించారు. ఆయన కుతుబ్ షాహీల వారసుడు కాదు. వాళ్లను ఓడించిన మొఘల్ దర్బారు నుంచి వచ్చిన ఆసఫ్ జాహీల దివాను. అయినా చేయించారు. మొదట గమనించవలసిన సంగతి ఇదే. కట్టినవాడి వారసులే కాపాడాలనే నియమం ఏదీ లేదు.

శాఖ పుట్టిన కథ

అయితే ఒక దివాను దయ మీద ఆధారపడితే ఆ దివాను పోయిన నాడు మళ్లీ మొదటికే వస్తుంది. అందుకే 1914లో నిజాం సర్కారు పురావస్తు శాఖ అని ఒక శాఖనే పెట్టింది. దానికి గులాం యజ్దానీ సాబును అధికారిగా నియమించింది. ఆయన అరబీ, ఫార్సీ పండితుడు. శాసనాలు చదవడంలో దిట్ట. ఎపిగ్రాఫియా ఇండో మొస్లెమికా అనే శాసనాల పత్రికకు చాలా ఏళ్లు సంపాదకుడిగా ఉన్నారు. 1943 దాకా ఈ శాఖను నడిపారు. 1959లో భారత ప్రభుత్వం ఆయనకు పద్మభూషణ్ ఇచ్చింది.

ఆ శాఖ చేసిన పెద్ద పని ఏదో తెలుసా? అజంతా గుహలు. అప్పుడవి నిజాం రాజ్యంలో ఉండేవి. 1920 నుంచి 1922 వరకు ఇటలీ నుంచి నిపుణులను పిలిపించి, గోడల నుంచి ఊడిపోతున్న బౌద్ధ చిత్రాలను నిలబెట్టించారు. యజ్దానీ సాబ్ వాటి మీద నాలుగు భాగాల గ్రంథం రాశారు. 1213లో కాకతీయుల సేనాని రేచర్ల రుద్రుడు పాలంపేటలో కట్టించిన రామప్ప గుడి మీద 1922లో ఒక పుస్తకం అచ్చు వేశారు. ఆ రామప్ప 2021లో ప్రపంచ వారసత్వ జాబితాకు ఎక్కినప్పుడు మనందరం సంతోషించాం. కానీ దాని విలువ గురించి తొంభై తొమ్మిదేళ్ల కిందటే పుస్తకం రాసినవాడు గులాం యజ్దానీ అని మన పిల్లల్లో ఎంతమందికి తెలుసు? ముస్లిం రాజు, ముస్లిం అధికారి. కాపాడింది బౌద్ధుల గుహలు, శివుని గుడి. ఎవరు కట్టారని అడగలేదు, ఏముందని చూశారు. మన పెద్దల గొప్పతనం అంటూ ఏదైనా చెప్పుకోవలసి వస్తే నేను ముందు దీన్ని చెబుతాను.

1337 ఫస్లీలో, అంటే ఇంగ్లీషు లెక్కన 1927-28లో, హైదరాబాదు సంస్థానం పురాతన కట్టడాల రక్షణ చట్టం చేసింది. అప్పటి నుంచి రక్షణ అనేది దయ కాదు, చట్టం. ఏ కట్టడం రక్షితమో గెజెట్టులో ప్రకటించాలి. ప్రకటించిన తరువాత దాన్ని పాడుచేయడం నేరం.

కోట కేంద్రానిది, గుంబజులు రాష్ట్రానివి

స్వాతంత్ర్యం వచ్చిన తరువాత మన రాజ్యాంగం ఈ పనిని పంచిపెట్టింది. జాతీయ ప్రాముఖ్యం ఉన్నవని పార్లమెంటు ప్రకటించిన కట్టడాలు కేంద్రానివి. తక్కినవి రాష్ట్రాలవి. కేంద్రం 1958లోను, మన అప్పటి ఆంధ్రప్రదేశ్ 1960లోను వేరు వేరు చట్టాలు చేశాయి. తెలంగాణ ఏర్పడ్డాక 2017లో కొత్త వారసత్వ చట్టం వచ్చింది.

దీని ఫలితం ఏమిటంటే, గోల్కొండ కోట, చార్మినారు కేంద్ర పురావస్తు శాఖ కింద ఉన్నాయి. కోటకు కూతవేటు దూరంలోని కుతుబ్ షాహీ సమాధులు మాత్రం రాష్ట్ర శాఖ కింద ఉన్నాయి. అదే సుల్తాను కోటలో కూర్చున్నంత కాలం కేంద్రం మనిషి, గుంబజులో పడుకున్నాక రాష్ట్రం మనిషి అని నేను పిల్లలకు నవ్వుతూ చెబుతుంటాను. టికెట్టు వేరు, కాపలా వేరు, మరమ్మతు పద్దు వేరు. ఎవరికైనా ఫిర్యాదు రాయాలంటే ముందు ఇది తెలియాలి. లేకపోతే అర్జీ ఒక ఆఫీసు నుంచి ఇంకో ఆఫీసుకు తిరగడమే గాని పని కాదు.

కేంద్రం చట్టంలో 2010 సవరణ తరువాత రక్షిత కట్టడం హద్దు నుంచి 100 మీటర్ల లోపల కొత్త కట్టడం కట్టకూడదు. దాని తరువాత ఇంకో 200 మీటర్ల దాకా అనుమతి తీసుకొని కట్టాలి. పాత ఇంటి మరమ్మతుకు కూడా అనుమతి కావాలి. కట్టడానికి నష్టం చేసినవారికి రెండేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జుర్మానా, లేదా రెండూ. కోట గోడల లోపల, చార్మినారు పక్కన తరతరాలుగా బతుకుతున్న మనవాళ్లకు ఇది మామూలు ఇబ్బంది కాదు. కొడుకు పెళ్లి కుదిరిందని పైన ఒక గది వేసుకోవాలంటే వీలుకాదు. ఆ బాధ నిజమే. దాన్ని తేలిక చేసి మాట్లాడను. కాని అనుమతి అడగకుండా రాత్రికి రాత్రి స్లాబు పోసి, తరువాత నోటీసు వచ్చిందని కోర్టుల చుట్టూ తిరిగి, ఉన్న సొమ్ము వకీళ్లకు పోసిన కుటుంబాలను కూడా చూశాను. రూలు ముందే తెలిసి ఉంటే సగం తిప్పలు తప్పేవి.

మసీదుల సంగతి ఇంకా చిక్కు. కొన్ని చోట్ల ఒకే జాగా వక్ఫ్ రిజిస్టరులోనూ ఉంటుంది, పురావస్తు జాబితాలోనూ ఉంటుంది. నమాజు ముతవల్లి చూస్తాడు, గోడ శాఖ చూస్తుంది. 2025లో పార్లమెంటు చేసిన వక్ఫ్ సవరణ చట్టం, ప్రకటన నాటికే రక్షిత కట్టడంగా ఉన్న ఆస్తిని వక్ఫ్‌గా ప్రకటించి ఉంటే అది చెల్లదని చెప్పింది. ఆ చట్టం మీద వేసిన పిటిషన్లలో 2025 సెప్టెంబరులో సుప్రీంకోర్టు కొన్ని సెక్షన్ల అమలును తాత్కాలికంగా ఆపింది. ఆ వాదన వకీళ్లది. మనం చేయగలిగింది ఒకటే. మన దగ్గర ఉన్న కాగితాలు చెదలకు వదలకుండా జాగ్రత్త చేసుకోవడం.

బాగె ఆమ్

ఇక తోటల మాటకు వద్దాం. నాంపల్లి బాగె ఆమ్, అదే పబ్లిక్ గార్డెన్స్, పేరులోనే ఉంది. ఆమ్ అంటే అందరిదీ. నవాబులకు సొంత తోటలు ఎన్నో ఉండేవి. వాటికి గోడలు, గోడలకు దర్వాజాలు, దర్వాజాలకు జవానులు. అందరికీ అని చెప్పి తోట పెట్టడం ఆ కాలానికి కొత్త ఆలోచన.

అయితే అందరిదీ అయిన జాగా మీద అందరి కన్నూ పడుతుంది. 1913లో అందులో టౌన్ హాలు కట్టారు. ఇప్పుడది శాసనసభ. 1924లో షాహీ మసీదు వచ్చింది. 1930లో పురావస్తు ప్రదర్శనశాల తెరిచారు. ఈజిప్టు మమ్మీ ఉన్నది అక్కడే. తరువాత జూబిలీ హాలు, పిల్లల కోసం జవహర్ బాల భవన్ వచ్చాయి. ఒక్కొక్కటీ మంచిదే. కాని ఒక్కొక్కటీ వచ్చినప్పుడల్లా తోట కొంత తగ్గింది. చెట్లు, పచ్చిక ఉద్యానవన శాఖవి, ప్రదర్శనశాల పురావస్తు శాఖది, శాసనసభ శాసనసభదే. ఒక్క గేటు లోపల ఇన్ని శాఖలు.

ఇందులోనే ఒకప్పుడు జంతుశాల కూడా ఉండేది. మన తాతలు పులిని చూడాలంటే బాగె ఆమ్‌కే పోయేవారు. జాగా చాలక 1963లో మీరాలం చెరువు పక్కన 380 ఎకరాలలో నెహ్రూ జంతుశాల తెరిచి జంతువులను అక్కడికి తరలించారు. దాన్ని అటవీ శాఖ చూస్తుంది. ఈ తరలింపు మంచి పరిపాలనకు ఒక ఉదాహరణ అని నా అభిప్రాయం. తోటకు తోట మిగిలింది, జంతువులకు చోటు దొరికింది.

చెట్టు విలువ చెప్పే సంగతి ఇంకొకటి. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి నగరాన్ని ముంచినప్పుడు, అఫ్జల్‌గంజ్ దగ్గర ఇప్పటి ఉస్మానియా ఆస్పత్రి ఆవరణలో ఉన్న చింతచెట్టు ఎక్కి దాదాపు 150 మంది ప్రాణాలు దక్కించుకున్నారు. ఆ చెట్టు ఏ సుల్తాను కట్టించిందీ కాదు. దానికి శాసనం లేదు. అయినా మన నగరానికి అదొక చారిత్రక కట్టడమే అంటాను. ఆ వరద తరువాతే 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు ఏర్పడింది. ఇరుకు బస్తీలను సరిచేసి రోడ్లు, గాలి, వెలుతురు ఉన్న ఇళ్లు, తోటలు ఏర్పాటు చేయడం మొదలుపెట్టింది. అంటే ఉద్యానవనం అనేది షోకు కోసం కాదు, ఆరోగ్యం కోసమని అప్పుడే గుర్తించారు.

శికార్‌గాహ్ నుంచి వన్యప్రాణి కేంద్రం దాకా

అడవుల కథ వేరు. నవాబులకు అడవి అంటే శికార్‌గాహ్. ఇప్పుడు వనస్థలిపురం దగ్గర మహావీర్ హరిణ వనస్థలి అని పిలిచే జాగా ఒకప్పుడు నిజాం వేటకు పోయే చోటు. అక్కడి కృష్ణజింకలు వేటకే మిగిలాయి. 1972లో కేంద్రం వన్యప్రాణి రక్షణ చట్టం చేసింది. 1975లో, మహావీరుని నిర్వాణానికి 2500 ఏళ్లు నిండిన సందర్భంగా, ఆ చోటుకు ఆయన పేరు పెట్టి జింకలకు అభయం ఇచ్చారు. తుపాకి పేలిన చోటికి అహింస బోధించినవాడి పేరు! జూబిలీ హిల్స్‌లో ముకర్రం జా గారి చిరాన్ ప్యాలెస్ చుట్టూ ఉన్న అడవి 1998లో కాసు బ్రహ్మానంద రెడ్డి జాతీయ ఉద్యానవనం అయింది. వరంగల్లు వైపు కాకతీయుల నాటి పాఖాల చెరువు చుట్టూ ఉన్న అడవి 1952 నుంచీ అభయారణ్యమే.

వినడానికి ఇదంతా బాగానే ఉంది. కాని చరిత్ర రాసేవాడు ఒకవైపే రాయకూడదు. నిజాం సర్కారు అటవీ చట్టాలు ఆదిలాబాదు గోండులకు మేలు చేయలేదు. తరతరాలుగా సాగు చేసుకుంటున్న నేలను సర్కారు అడవి అన్నారు. పశువులను మేపితే పన్ను, కట్టె కొడితే జుర్మానా. దాని మీద తిరగబడ్డ కొమురం భీం 1940లో జోడేఘాట్ దగ్గర పోలీసు కాల్పుల్లో ప్రాణం విడిచాడు. ఆ తరువాతనే సర్కారుకు కళ్లు తెరుచుకొని, హైమన్‌డార్ఫ్ అనే ఆస్ట్రియా పండితుణ్ణి పిలిచి వాళ్ల కష్టాలు రాయించింది. కొంత భూమికి పట్టాలు ఇచ్చింది. అడవిలో ఉండేవాళ్ల హక్కును దేశమంతటా చట్టం గుర్తించింది మాత్రం 2006లో. అజంతాను కాపాడిన సర్కారే గోండులను అడవి నుంచి వెళ్లగొట్టింది. రెండూ నిజాలే. మొదటిదాన్ని చెప్పుకొని రెండోదాన్ని దాచుకుంటే అది తవారీఖు కాదు, ఖసీదా.

అడవులు మొదట పూర్తిగా రాష్ట్రాల పరిధిలో ఉండేవి. 1976లో రాజ్యాంగానికి చేసిన 42వ సవరణతో కేంద్ర, రాష్ట్రాల ఉమ్మడి జాబితాలోకి వచ్చాయి. అదే సవరణ మనకు ప్రాథమిక విధులను కూడా రాసిపెట్టింది. అడవులను, చెరువులను, వన్యప్రాణులను కాపాడాలని, మన మిశ్రమ సంస్కృతి వారసత్వాన్ని గౌరవించాలని. అంటే ఆ పిల్లవాడు అడిగిన ప్రశ్నకు జవాబులో సగం అక్కడే ఉంది.

సిమెంటు పోయి సున్నం వచ్చింది

మళ్లీ ఇబ్రహీం బాగుకు పోదాం. ఇరవయ్యో శతాబ్దంలో గుంబజులకు మరమ్మతులు జరగలేదని కాదు. జరిగాయి. కాని సిమెంటుతో జరిగాయి. సున్నం గోడ ఊపిరి పీలుస్తుంది. తడి తాగుతుంది, ఎండకు విడుస్తుంది. దాని మీద సిమెంటు పూస్తే ఆ తడి లోపలే ఉండిపోయి గోడను తినేస్తుంది. మంచి మనసుతో చేసిన పనే కట్టడానికి జబ్బయింది. మన బస్తీల్లోని పాత మసీదులకు చందాలు పోగుచేసి సిమెంటు, టైల్సు, ఆయిల్ పెయింటు వేయిస్తున్న కమిటీలు ఈ మాట మనసులో పెట్టుకోవాలని మనవి.

2013 జనవరిలో రాష్ట్ర ప్రభుత్వం ఆగాఖాన్ సాంస్కృతిక ట్రస్టుతో ఒప్పందం చేసుకుంది. 106 ఎకరాల తోట, సమాధులు, మసీదులు, బావ్లీలు అన్నీ కలిపి సుమారు వంద కట్టడాలు. టాటా ట్రస్టులు మొదలైన దాతలు డబ్బు ఇచ్చారు. మేస్త్రీలు సిమెంటును చెక్కి తీసి, పాత పద్ధతిలో డంగు సున్నం తయారు చేసి పూశారు. 2013లోనే వానలకు కూలిపోయిన బడీ బావ్లీని రాయి రాయి పేర్చి మళ్లీ కట్టారు. అందులో నీళ్లు నిలిచాయి. ఆ నీళ్లే తోటకు పారుతున్నాయి. 2022లో గోల్కొండ బావ్లీల పనికి యునెస్కో ఆసియా-పసిఫిక్ వారసత్వ బహుమతి వచ్చింది. 2024 జులైలో పని పూర్తి చేసి తోటను మళ్లీ ప్రభుత్వానికి అప్పగించారు.

ఇందులో నేర్చుకోవలసింది ఒకటి ఉంది. భూమి, చట్టం, కాపలా సర్కారువి. డబ్బు దాతలది. విద్య మేస్త్రీలది. మూడూ కలిస్తేనే పని అయింది. ఒట్టి సర్కారు అయితే సిమెంటు పూసేది. ఒట్టి దాతలైతే హద్దు గోడ దగ్గరే ఆగిపోయేవారు. ఒట్టి మేస్త్రీలైతే పని లేక కూర్చునేవారు. ఇక అప్పగింత అయిపోయింది గనుక, దాన్ని నిలబెట్టేది తోటకు వచ్చిపోయే జనం. అంటే మేకు పట్టుకున్న పిల్లలూ, వాళ్ల మాస్టర్లూ.

రిజిస్టరులో లేనివాటి గతి

ఇంతవరకు చెప్పినవన్నీ ఏదో ఒక రిజిస్టరులో ఉన్నవి. లేనివాటి సంగతేమిటి? 2015 చివరలో ప్రభుత్వం మన నగరపు వారసత్వ భవనాలను కాపాడే 13వ నంబరు నిబంధనను తీసివేసింది. 2019లో ఇర్రం మంజిల్‌ను కూల్చి కొత్త శాసనసభ కట్టాలని మంత్రివర్గం నిర్ణయిస్తే, పౌరులు హైకోర్టుకు పోయారు. ఆ ఏడు సెప్టెంబరులో కోర్టు ఆ నిర్ణయాన్ని కొట్టివేసింది. 2025లో కంచ గచ్చిబౌలిలో 400 ఎకరాల చెట్లకు బుల్‌డోజర్లు వచ్చినప్పుడూ ఇదే పేచీ. ప్రభుత్వ రికార్డుల్లో అది అడవి కాదని ప్రభుత్వం అన్నది, కళ్లకు కనిపించేది అడవే గదా అని విద్యార్థులు అన్నారు. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు చెట్లు కొట్టడం ఆపించింది. ఇట్లా కాపాడవలసిన చెయ్యే ఒక్కోసారి గొడ్డలి పట్టుకుంటుంది. అప్పుడు ఆపేది కాగితం, ఆ కాగితం కోసం నిలబడే మనుషులు.

మరి మన దగ్గర ఏముంది? మన బస్తీల్లో, మన స్వగ్రామాల్లో పాత మసీదులు, దర్గాలు, ఖబ్రస్తాన్లు, బావ్లీలు, తోటల ఆనవాళ్లు ఎన్నో ఉన్నాయి. వాటి మీద ఫార్సీ, అరబీ, ఉర్దూ కతబాలు ఉన్నాయి. చాలావాటిని ఎవరూ చదివి రాసుకోలేదు. సున్నం కింద పడి కొన్ని, రంగు కింద పడి కొన్ని, కొత్త స్లాబు కింద పడి కొన్ని మాయమవుతున్నాయి. ఒక కతబా పోతే ఒక సాక్ష్యం పోయినట్టే. ఆ జాగా ఎవరిది, ఎప్పటిది, ఎందుకు ఇచ్చారు అనే దానికి రేపు కోర్టులోనైనా, వక్ఫ్ బోర్డులోనైనా చూపించేది ఆ రాయే.

ఉర్దూ మీడియం చదువుతో ఏం లాభమని ఈ మధ్య చాలామంది తల్లిదండ్రులు నన్ను అడుగుతున్నారు. ఉద్యోగాల సంగతి నేను వాదించలేను. వాళ్ల భయం నాకు తెలుసు, నా పిల్లల విషయంలో నాకూ ఆ భయమే. కాని ఒక మాట చెబుతాను. ఆ రాళ్లను చదవగలిగినవాళ్లు మన తరువాత ఉండకపోతే, మన చరిత్ర మన ఎదుటే ఉండి మూగబోతుంది. గులాం యజ్దానీ సాబ్ మొదలుపెట్టింది ఆ చదువుతోనే.

అందుకని సొసైటీ పెద్దలకు నా మనవి. వచ్చే ఏడాది సభ్యులందరం కలిసి ఒక రిజిస్టరు తయారు చేద్దాం. తమకు తెలిసిన పాత మసీదు, ఖబ్రస్తాన్, బావి, పెద్ద చెట్టు, ఏదైనా సరే, అది ఎక్కడుంది, హద్దులేమిటి, కతబాలో ఏమి రాసి ఉంది, ఇప్పుడు ఎవరు చూసుకుంటున్నారు అని రాద్దాం. ఫోటో తీసి అంటిద్దాం. చదవడం మా బడి పిల్లలు చేస్తారు, తప్పులు దిద్దడం నేను చేస్తాను. ఒక నకలు రాష్ట్ర పురావస్తు శాఖకు, ఒక నకలు వక్ఫ్ బోర్డుకు, ఒకటి మన ఆఫీసు బీరువాలో. ఖర్చు పెద్దగా కాదు. ఒక దావత్ ఖర్చులో పావు వంతు కూడా కాదు.

మన దీనులో అమానతు అనే మాట ఉంది. ఇతరుల సొత్తు మన చేతిలో ఉన్నప్పుడు దాన్ని ఉన్నదున్నట్టు తిరిగి అప్పగించాలి. ఇబ్రహీం బాగుకు మాలిక్ సుల్తాను కాదు, నిజాం కాదు, నిజానికి సర్కారు కూడా కాదు. సర్కారు అమీను, అమానతును కాపాడేవాడు. మనమూ అమీనులమే. అసలు మాలిక్ పైనున్నవాడు. తిరిగి తీసుకోవలసినవాళ్లు మన తరువాత పుట్టేవాళ్లు.

ఇప్పుడా పిల్లవాడు తొమ్మిది దాటి పదో తరగతికి వచ్చాడు. మొన్న శుక్రవారం నమాజు తరువాత వచ్చి, వాళ్ల బస్తీ ఖబ్రస్తాన్‌లో ఒక పాత సమాధి రాయి మీద రాసింది నోటుబుక్కులో ఎక్కించుకొని చూపించాడు. రెండు మాటలు తప్పు చదివాడు. దిద్దాను. రిజిస్టరులో మొదటి పేజీ అదే అవుతుందని వాడికి మాట ఇచ్చాను. ఆ మాట నిలబెట్టే తౌఫీఖు అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక. ఆమీన్.